మూడు నెలలు తడి డబ్బాలో ఉండిపోయిన క్యాంపింగ్ సామాను, తుప్పు వదిలేదెలా?

తడిబూట్లు
తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటున్నా. తిట్టేవాళ్లు ఒక్క లైనులో తిట్టేసి తర్వాత సాయం చెయ్యండి. పోయినసారి క్యాంపులో ఆఖరి రోజు తెల్లవారుజామునే వాన పట్టుకుంది. టెంటు ఉన్నదున్నట్టు చుట్టేసి, మేకులు మట్టితో సహా దాని సంచిలోనే వేసి, మిగతా సామానంతా ఒక ప్లాస్టిక్ డబ్బాలో కుక్కి, మూత బిగించి ఇంటికొచ్చాం. రేపు ఆరబెడదాం, ఎల్లుండి ఆరబెడదాం అనుకుంటూనే మూడు నెలలు అయిపోయాయి. నిన్న మూత తీస్తే వాసనకే సంగతి అర్థమైపోయింది.

లోపల ఉన్నది ఇదీ. టెంటు మేకులు 20, సగం మామూలు స్టీలువి, సగం బూడిదరంగు పూత ఉన్నవి. పోత ఇనుప పెనం, మొత్తం నారింజ రంగుకి తిరిగింది. చేతిగొడ్డలి తోలు ఒరలోనే ఉండిపోయింది. నిప్పుల మీద పెట్టే జాలీ. మడత కుర్చీలు రెండు, ఒకటైతే తెరుచుకోవడమే లేదు. చిన్న గ్యాస్ స్టవ్వు. ఇంకా స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలు, వీటికి తుప్పే పట్టదంటారు కదా, మరి ఈ గోధుమరంగు చుక్కలు ఎక్కడివి?

మేకులన్నీ వినిగర్‌లో వేసేశా, రాత్రంతా నానితే చాలని ఒక వీడియోలో చెప్పారు. మిగతావి కూడా అదే బకెట్లో ముంచెయ్యనా?

రెంచి13
ముందు ఆ బూడిదరంగు మేకులు బయటికి తీయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. అది జింక్ పూత. వినిగర్‌కి ఇనుము కంటే జింక్ సులువుగా లొంగుతుంది, తుప్పు జోలికి వెళ్లేలోపే పూతని తినేస్తుంది. సన్నటి బుడగలు వస్తున్నాయా? అది తుప్పు వదలడం కాదు, పూత కరిగి హైడ్రోజన్ బయటికి పోవడం.

తడిబూట్లు
తీశా. బుడగలు నిజమే, తెగ వచ్చాయి, నేనేమో బాగా పనిచేస్తోందని సంబరపడ్డా. వేసి నాలుగు గంటలైంది. మెరుపు పోయి నల్లగా, గరుగ్గా తయారయ్యాయి. అంటే పాడైనట్టేనా?

రెంచి13
పాడవలేదు, మామూలు స్టీలు మేకులు అయ్యాయంతే. జింక్ పూత చేసే పని ఏమిటంటే, గీత పడి ఇనుము బయటపడినా పక్కనున్న జింక్ ముందు తను తినబడి ఇనుముని కాపాడుతుంది. ఆ కాపలా ఇప్పుడు లేదు కాబట్టి ఇకమీదట ఆ 10 కూడా మిగతా 10 లాగే వాడిన ప్రతిసారీ తుడిచి నూనె రాయాలి. ఓపికుంటే జింక్ ఎక్కువగా ఉండే స్ప్రే పెయింట్ దొరుకుతుంది, అది కొట్టుకోవచ్చు. కానీ మేకు అన్నాక సుత్తి దెబ్బ తినాలి, మట్టిలో రాసుకోవాలి, తల దగ్గర పెయింట్ రెండు ట్రిప్పుల్లో లేచిపోతుంది. నేనైతే కొట్టను.

పూత ఉన్న వస్తువు మీద తెల్లటి పొడి కనిపిస్తే అదీ ఒక రకం తుప్పే, జింక్‌కి పట్టేది. గాలి ఆడకుండా తడిగా ఒకదాని మీద ఒకటి పడి ఉంటే వస్తుంది. దానికి యాసిడ్ అక్కర్లేదు, గట్టి ప్లాస్టిక్ బ్రష్షుతో నీళ్లలో రుద్ది బాగా ఆరబెడితే చాలు.

ఇక వినిగర్‌లో ఉన్న మామూలు మేకుల సంగతి. రాత్రంతా అని లెక్క పెట్టుకోకండి, గంట గంటకీ ఒకటి తీసి బ్రష్షుతో రుద్ది చూడండి, తుప్పు వదిలిందంటే ఆపెయ్యండి. యాసిడ్‌కి తుప్పు ఏదో ఇనుము ఏదో పట్టింపు లేదు, తుప్పు అయిపోయాక ఇనుమే తింటుంది. బయటికి తీశాక నీళ్లతో కడిగి, వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, మళ్లీ కడిగి, వెంటనే తుడవండి. వెంటనే అంటే వెంటనే. తుప్పు తీసిన ఇనుము చర్మం వలిచినట్టు ఉంటుంది, తడిగా వదిలేస్తే పది నిమిషాల్లో మళ్లీ పసుపురంగు తిరుగుతుంది. ఆఖరిసారి వేడి నీళ్లతో కడిగితే మేకు వేడెక్కి దానంతటదే త్వరగా ఆరిపోతుంది. ఆరాక నూనె గుడ్డతో ఒకసారి తుడిస్తే పని అయినట్టే.

ఇంకోటి, వంటసోడాని వినిగర్ బకెట్లోనే పోసేవాళ్లు ఉంటారు. బాగా నురగ వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ముందు ఒకటి, తర్వాత రెండోది.

మబ్బుపట్టిన_కొండ
వినిగర్ కంపు పడనివాళ్లకి సిట్రిక్ యాసిడ్ మేలు, నిమ్మ ఉప్పు అని అమ్ముతారు. లీటరు నీళ్లకి 50 గ్రాములు, గోరువెచ్చగా ఉంటే ఇంకా త్వరగా పనిచేస్తుంది. వాసన ఉండదు. ప్లాస్టిక్ బకెట్లో గానీ గాజు పాత్రలో గానీ కలపండి, అల్యూమినియం గిన్నెలో వద్దు. జింక్ పూతకి ఇది కూడా శత్రువే, ఆ విషయంలో తేడా లేదు.

నల్లపెనం
పెనం అన్న మాట వినిపించింది, వచ్చేశా.

నారింజ రంగు చూసి భయపడకండి. పోత ఇనుము మందంగా ఉంటుంది, పైపై తుప్పుకి దానికేం కాదు. పగుళ్లు ఉన్నాయేమో మాత్రం చూసుకోండి, వేలితో కొడితే గణగణ మోగాలి, బొంగురుగా వస్తే ఎక్కడో చీలిక ఉన్నట్టే.

స్టీలు పీచుతో, కొంచెం సబ్బునీళ్లతో, బూడిదరంగు లోహం కనిపించేదాకా రుద్దండి. సబ్బు తగలకూడదు అంటారు, ఇప్పుడు ఎలాగూ పాత నూనె పూత పోయింది కాబట్టి మొహమాటం లేదు, అసలు మామూలు పాత్రల సబ్బుతో పూత పోదు కూడా. రుద్దినా వదలని చోట సగం వినిగర్ సగం నీళ్లు పోసి అరగంట, మహా అయితే గంట. పెనాన్ని మాత్రం రాత్రంతా ఉంచొద్దు, గుంటలు పడిపోతాయి. మంటల్లో పడేసి కాల్చేస్తే శుభ్రమైపోతుందని చెప్పేవాళ్ల మాట వినకండి, వంకర తిరిగిన పెనం మళ్లీ తిన్నగా రాదు, నా మొదటి పెనం అలాగే పోయింది. కాలుతున్న పెనం మీద చన్నీళ్లు పొయ్యడం కూడా అంతే, పగులుతుంది.

కడిగాక స్టవ్వు మీద పెట్టి తడి మొత్తం ఆవిరైపోనివ్వండి. గోరువెచ్చగా ఉన్నప్పుడే నూనె రాయండి, లోపల, బయట, పిడికి, అడుగుకి అన్నిటికీ. రాశాక పొడి గుడ్డతో తుడిచెయ్యండి, అసలు నూనె రాయలేదేమో అనిపించేంతగా తుడవండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. నూనె ఎక్కువైతే జిగురు జిగురుగా మచ్చలు కడుతుంది. తర్వాత ఓవెన్లో బోర్లించి 230 నుంచి 250 డిగ్రీల దగ్గర గంటసేపు, అందులోనే చల్లారనివ్వాలి. పొగ వస్తుంది, కిటికీలు తెరుచుకోండి. ఇలా మూడుసార్లు చేస్తే నల్లగా నిగనిగలాడుతుంది. ఆ వేడికి నూనె గట్టిపడి పొరలా ఇనుముకి అతుక్కుపోతుంది, ఇక అది నూనె కాదు, ఒక రకం వార్నిష్ అనుకోండి.

పొగచూరిన_కెటిల్
ఏ నూనె అన్నది చెప్పలేదు. అవిసె నూనె రాయండి, దాన్ని మించింది లేదు. పొర గాజులా వస్తుంది.

నల్లపెనం
గాజులా వస్తుంది, గాజులాగే పెచ్చులు ఊడుతుంది. నేను ఆరు పొరలు వేశా, రెండో ట్రిప్పుకి ముక్కలు ముక్కలుగా లేచొచ్చింది. పొద్దుతిరుగుడు, సోయా, కనోలా, ఏది చేతికందితే అది వాడండి.

పొగచూరిన_కెటిల్
పొరలు మందంగా వేసి ఉంటారు. నాది నాలుగేళ్లుగా ఊడలేదు.

నల్లపెనం
నాలుగేళ్లలో ఎన్నిసార్లు నిప్పుల మీద పెట్టారు?

పొగచూరిన_కెటిల్
ఇంట్లో స్టవ్వు మీదే ఎక్కువ అనుకోండి. సరే, ఆ పాయింటు ఒప్పుకుంటా.

చిన్నలాంతరు
కొత్తవాడిని, తెలీక అడుగుతున్నా. తుప్పు పట్టిన పెనంలో వండుకు తింటే విషమా? తుప్పు మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం వస్తుందని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ భయపెట్టేవాళ్లు, మరి ఇన్ని తుప్పు మేకులు చేత్తో రుద్దడం ప్రమాదం కాదా?

సానరాయి
కాస్త తుప్పు కడుపులోకి వెళితే విషమేమీ కాదు, రుచి మాత్రం ఇనుము కొడుతుంది. రుద్ది పూత వేసుకుని వండుకోండి.

ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. దానికి కారణం క్లాస్ట్రిడియం టెటనై అనే బ్యాక్టీరియా, అది మట్టిలో, పేడలో ఉంటుంది. బయట పడి ఉన్న మేకుకి తుప్పూ ఉంటుంది, మట్టీ ఉంటుంది, లోతుగా గుచ్చుకుంటుంది కూడా, అందుకే నింద తుప్పు మీద పడింది. తళతళలాడే కొత్త మేకైనా మట్టిలోంచి పీకింది గుచ్చుకుంటే అదే ప్రమాదం. కాబట్టి చేతికి తొడుగులు వేసుకోండి, టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే డాక్టర్ని అడగండి.

ఇక గొడ్డలి గురించి. తోలు ఒరలో పెట్టి దాచడమే అసలు పొరపాటు. తోలు గాల్లో తేమని పీల్చుకుని అంచుకి ఆనించి పెడుతుంది, పైగా తోలు ఊనడానికి వాడే పదార్థాలు కొన్ని ఇనుముకి పడవు. ఒర అనేది మోసుకెళ్లేటప్పుడు చెయ్యి తెగకుండా ఉండటానికి. ఇంట్లో దాచేటప్పుడు గొడ్డలి వేరుగా, ఒర వేరుగా.

తలని బకెట్లో ముంచొద్దు. పిడి చెక్కదైతే కన్నంలోకి నీళ్లు దిగి చెక్క ఉబ్బుతుంది, ఆరాక వదులైపోతుంది, ఇంకోరోజు కట్టెలు కొడుతుంటే తల ఎగిరిపోతుంది. సన్నటి స్టీలు పీచుకి కాస్త నూనె అద్ది రుద్దితే పైపై తుప్పు అంతా పోతుంది. గట్టిగా ఉన్న చోట గుడ్డ పీలిక వినిగర్‌లో తడిపి ఆ చోట మాత్రమే చుట్టి గంట ఉంచండి. అంచు దగ్గర తుప్పు గుంటలు పడితే అక్కడ సానరాయి పెట్టి మంచి లోహం వచ్చేదాకా తియ్యాల్సిందే, వేరే దారి లేదు. గ్రైండరు మాత్రం పెట్టకండి, అంచు వేడెక్కి నీలం రంగు తిరిగిందంటే దాని గట్టిదనం పోయినట్టే, తర్వాత ఎంత పదును పెట్టినా నిలవదు.

కార్బన్ స్టీలు కత్తి ఉన్నవాళ్లకి ఒక మాట. వాడగా వాడగా వచ్చే బూడిద, నీలి మచ్చల్ని తుప్పు అనుకుని రుద్దేస్తుంటారు. అది రక్షణ పొర, దాన్ని వదిలెయ్యండి. వేలికి ఎర్రగా అంటుకునేదే తుప్పు.

పిడికి అవిసె నూనె రాస్తే మంచిది, అందులో గొడవేం లేదు (కెటిల్ గారు సంతోషించవచ్చు). కానీ రాసిన గుడ్డని ఉండ చుట్టి మూల పడెయ్యకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. ఇది కట్టుకథ కాదు, ఇళ్లు కాలిపోయిన సందర్భాలున్నాయి. విడదీసి బయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న రేకు డబ్బాలో వెయ్యండి.

ఉప్పుగాలి
సముద్రం ఒడ్డున క్యాంపు వేసేవాణ్ణి, తుప్పుతోనే కాపురం. స్టెయిన్‌లెస్ చుక్కల గురించి నేను చెప్తా.

స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టదని కాదు, సులువుగా పట్టదని. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, అది గాలి తగిలి కంటికి కనపడనంత సన్నటి పొర కడుతుంది, గీత పడితే మళ్లీ కట్టుకుంటుంది. ఆ పొరకి ఆక్సిజన్ కావాలి. తడి మట్టి కిందో, ఇంకో గిన్నె అంచు కిందో గాలి ఆడని చోట, ఉప్పు కూడా ఉంటే, పొర మళ్లీ కట్టుకోలేదు. చుక్కలు అక్కడే వస్తాయి. బ్లీచ్ వేసి కడిగినా అంతే, అందులో క్లోరిన్ ఉంది. ఇంకో కారణం, ఎవరో మామూలు స్టీలు పీచుతో ఆ గిన్నెలు తోమి ఉంటారు. పీచు విరిగిన నలుసులు గిన్నెలో గుచ్చుకుపోయి అవే తుప్పు పడతాయి, గిన్నె కాదు.

వంటసోడా ముద్దలా కలిపి మెత్తటి స్పాంజితో రుద్దండి. పోకపోతే సిట్రిక్ యాసిడ్ నీళ్లలో అరగంట. చాలావరకు మరక కూడా మిగలదు.

అల్యూమినియం సామాను, టెంటు కర్రలు, కొన్ని గిన్నెలు, వీటికి ఎర్ర తుప్పు రాదు కాబట్టి పట్టించుకోం. కానీ ఉప్పునీళ్లు ఆరిపోయాక తెల్లటి పొక్కులు వస్తాయి, కర్రల ముక్కలు ఒకదాన్లో ఒకటి ఇరుక్కుపోతాయి. ఒడ్డు నుంచి రాగానే మంచినీళ్లతో కడగడం ఒక్కటే మందు. నేను టెంటు కంటే ముందు కర్రలు కడుగుతా.

తడిబూట్లు
ఎవరు తోమారో తెలిసింది. నేనే.

కుర్చీ సంగతి ఎవరూ చెప్పలేదు. జాలీకి ఎలక్ట్రాలిసిస్ అని, నీళ్లలో కరెంటు పంపి తుప్పు వదిలించడం, ఒకాయన బ్యాటరీ ఛార్జరుతో చేస్తున్నాడు, అది ట్రై చెయ్యొచ్చా?

రెంచి13
కుర్చీ తెరుచుకోకపోవడానికి కారణం, తుప్పు తను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, రివెట్టు చుట్టూ ఉబ్బి బిగుసుకుపోతుంది. బలం పెట్టి లాగకండి, గొట్టం వంగిపోతుంది. తుప్పు పట్టిన నట్లకి కొట్టే చొచ్చుకుపోయే నూనె ప్రతి కీలుకీ కొట్టి రాత్రంతా వదిలెయ్యండి, పొద్దున మెల్లగా అటూ ఇటూ కదపండి, మళ్లీ కొట్టండి. రెండు మూడు విడతల్లో వస్తుంది.

అసలు సంగతి గొట్టం లోపల. కాళ్ల చివర ప్లాస్టిక్ తొడుగులు ఉంటాయి కదా, అవి పీకి చూడండి, నీళ్లు కారతాయి, పందెం. బయట పెయింటు చక్కగా ఉన్నా లోపలి నుంచి తినేసి ఉంటుంది. గునపం లాంటిది వద్దుగానీ ఒక మొన ఉన్న స్క్రూడ్రైవరుతో తుప్పు పొంగిన చోట గట్టిగా పొడవండి. దిగబడిందా, ఆ కుర్చీ పని అయిపోయింది, మీద ఎవరైనా కూర్చున్నప్పుడు విరిగితే నడుం పోతుంది. దిగబడకపోతే వైరు బ్రష్షుతో పొట్టు రాల్చి, తుప్పుని నల్లగా మార్చే ద్రావణం ఒకటి దొరుకుతుంది, రస్ట్ కన్వర్టర్ అంటారు, టానిక్ యాసిడ్‌తోనో ఫాస్ఫారిక్ యాసిడ్‌తోనో చేస్తారు, అది పూసి ఆరాక పెయింట్ వేసుకోండి. వంట సామాను దగ్గరికి మాత్రం దాన్ని తీసుకెళ్లొద్దు.

ఎలక్ట్రాలిసిస్ బాగా పనిచేస్తుంది, అబద్ధం చెప్పను, నేనూ చేస్తా. మంచి ఇనుముని తినదు, తుప్పుని మాత్రమే వదిలిస్తుంది. లీటరు నీళ్లకి ఒక చెంచా చాకలి సోడా, ప్లాస్టిక్ తొట్టి, 12 వోల్టుల ఛార్జరు. మీ వస్తువు నెగటివ్‌కి, పనికిరాని మామూలు ఇనుప ముక్క పాజిటివ్‌కి, రెండూ ఒకదానికొకటి తగలకూడదు. తిరగేసి పెడితే మీ జాలీయే కరుగుతుంది. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ ముక్క పెట్టనే వద్దు, విషపు క్రోమియం నీళ్లలోకి వస్తుంది. సోడా బదులు ఉప్పు వేసేవాళ్లున్నారు, క్లోరిన్ వాయువు వస్తుంది, వద్దు. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, అంటుకుంటుంది, కాబట్టి ఆరుబయట చెయ్యండి, తీగలు పీకే ముందు ఛార్జరు ఆపండి. అల్యూమినియం భాగాలున్న వస్తువు ఆ తొట్టిలో దించకండి, చాకలి సోడా దాన్ని తినేస్తుంది.

ఇంత చెప్పాక, ఒక్క జాలీకి ఇదంతా అవసరమా అంటే లేదు.

మబ్బుపట్టిన_కొండ
జాలీ ఏ రకమో చూడండి ముందు. అద్దంలా మెరిసే పూత ఉండి అది పొరలుగా లేస్తుంటే పారెయ్యండి, ఆ పెచ్చులు వంటలోకి వస్తాయి. మామూలు ఇనుప కడ్డీలైతే వైరు బ్రష్షు, తర్వాత పెనంలాగే నూనె పట్టించి కాల్చడం. వైరు బ్రష్షు వాడాక తడి గుడ్డతో తప్పకుండా తుడవండి, తెగిన తీగముక్క ఒకటి తిండిలో పడి గొంతులో గుచ్చుకుంటే ఆపరేషన్ దాకా వెళ్తుంది.

ఇంకా, జాలీ మీద, పొయ్యి పళ్లెంలో బూడిద వదిలెయ్యొద్దు. బూడిదలో ఉండే లవణాలు గాల్లో తేమని లాక్కుని తడిగా అలాగే అంటిపెట్టుకుని ఉంటాయి. పొడి బూడిదే కదా అనిపిస్తుంది, మర్నాడు ముట్టుకుంటే చెమ్మగా ఉంటుంది.

తాడు_ముడి
ఒక్క నిమిషం, ముఖ్యమైన విషయం. ఈ థ్రెడ్ చదివి ఎవరైనా కొండెక్కేటప్పుడు తాడు తగిలించే కొక్కేలు (కారాబినర్లు), స్టీలు హుక్కులు కూడా వినిగర్‌లో వేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. వెయ్యకండి. బాగా గట్టిపరిచిన స్టీలుని యాసిడ్‌లో పెడితే హైడ్రోజన్ లోహంలోకి దిగి పెళుసు చేస్తుంది. చూడ్డానికి కొత్తదానిలా మెరుస్తుంది, బరువు పడ్డప్పుడు ముందస్తు సూచన లేకుండా తెగుతుంది. స్ప్రింగులకీ ఇదే వర్తిస్తుంది. ఎలక్ట్రాలిసిస్‌లోనూ మన వస్తువు దగ్గర పుట్టేది హైడ్రోజనే కాబట్టి అది కూడా వద్దు. మనిషి బరువు మోసే ఏ వస్తువుకైనా తుప్పు గుంటలు పడితే దాన్ని శుభ్రం చెయ్యకూడదు, పక్కన పడెయ్యాలి. హ్యామక్ (గుడ్డ ఊయల) వేలాడదీసే హుక్కు కూడా ఇందులోకే వస్తుంది.

తడిబూట్లు
కారాబినర్లు అల్యూమినియంవి, వేరే సంచిలో ఉన్నాయి, బతికిపోయాయి. గ్యాస్ స్టవ్వు మిగిలింది.

ఉప్పుగాలి
స్టవ్వు కాళ్లు, గిన్నె ఆనే చోటు, వీటిని రుద్దుకోండి. బర్నరు రంధ్రాల్లో తుప్పు పొడి ఉంటే మెత్తటి బ్రష్షుతో దులపండి, తలకిందులుగా పట్టుకుని, లేకపోతే పొడి లోపలికే పోతుంది. తర్వాత ఆరుబయట వెలిగించి చూడండి, మంట నీలంగా ఉండాలి. పసుపుగా ఊగుతుంటే గాలి సరిగ్గా కలవడం లేదు, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వాల్వు, సన్న జెట్టు, రబ్బరు వాషరు, వీటి దగ్గర తుప్పు కనిపిస్తే సొంత వైద్యం చెయ్యకండి.

సిలిండరు డబ్బా ఉంటే దాని అంచుల అతుకు, వాల్వు చుట్టూ చూడండి. వాడి పారేసే రకమై అక్కడ తుప్పు పట్టి ఉంటే దాన్ని స్టవ్వుకి తగిలించనే వద్దు. నింపుకునే రకమైతే ఇచ్చినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి చూపించండి. గీకడం, యాసిడ్ పొయ్యడం, పైన పెయింట్ కొట్టి దాచెయ్యడం, ఏదీ వద్దు. లీకు అనుమానం ఉంటే సబ్బునీళ్లు రాస్తే బుడగలొస్తాయి, అగ్గిపుల్లతో పరీక్ష చేసిన మహానుభావుణ్ణి నేను చూశా, కనుబొమ్మలు పోయాయి.

చిన్నలాంతరు
అన్నిటి మీదా డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టేస్తే సరిపోదా? మా బాబాయి సైకిల్ నుంచి తలుపు గొళ్లెం దాకా అదే కొడతాడు.

రెంచి13
బాబాయిలందరూ అంతే. దాని పేరులోనే ఉంది, వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, 40వ ప్రయత్నంలో కుదిరిన ఫార్ములా అని. 1953లో అట్లాస్ క్షిపణి పైతొడుగుకి తుప్పు పట్టకుండా తయారుచేశారు. తడిని తోసెయ్యడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. కానీ పొర పలచన, చాలాభాగం ఆవిరైపోతుంది. రెండు వారాల మాట వేరు, ఆరు నెలలు దాచే సామానుకి చిక్కటి నూనె గానీ మైనం గానీ ఉండాలి. తిండి తగిలే వాటికి అసలే కొట్టొద్దు, వాటికి తినదగిన మినరల్ ఆయిల్ రాసుకోండి.

పొగచూరిన_కెటిల్
తుప్పు తియ్యడం సగం పని. దాచుకోవడం గురించి చెప్పండి, లేకపోతే మళ్లీ మూడు నెలలకి ఇదే థ్రెడ్. నా పద్ధతి, గాలి చొరబడని డబ్బా, లోపల సిలికా జెల్. బయటి తేమకి దారే లేదు.

ఉప్పుగాలి
ఆయన చేసింది కూడా గాలి చొరబడని డబ్బానే కదా. తేమ లోపలికి రాదు, నిజమే, లోపలున్నది బయటికీ పోదు.

పొగచూరిన_కెటిల్
ఆరబెట్టి పెడితే అని నా ఉద్దేశం.

ఉప్పుగాలి
ఆ 'ఆరబెట్టి' అన్న మాట దగ్గరే అందరం దొరికిపోతాం. మేకు పైన ఆరినట్టే ఉంటుంది, వంపులో మట్టి తడిగా ఉంటుంది. గుడ్డ సంచి ఆరిందనుకుంటాం, కుట్ల దగ్గర చెమ్మ ఉంటుంది. గాల్లో తేమ సుమారు 60 శాతం దాటితే తుప్పు వేగం బాగా పెరుగుతుంది, మూసిన డబ్బాలో ఒక్క తడి సంచి ఉంటే చాలు ఆ అంకె దాటడానికి. నా లెక్క ప్రకారం మనలాంటి బద్ధకస్తులకి గాలి ఆడే గుడ్డ సంచులు, నేలకి ఆనకుండా అలమర మీద. సిమెంటు నేల మీద పెడితే రాత్రి చల్లబడి చెమ్మ పడుతుంది.

సిలికా జెల్ పెట్టేవాళ్లు దాన్ని ఒకసారి పెట్టి మరిచిపోతారు. అది నిండిపోతే ఇక గులకరాళ్లతో సమానం. పొట్లాల్లోంచి గింజలు పళ్లెంలో పోసి 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ పనిచేస్తుంది. రంగు మారే గింజలైతే నిండాయో లేదో చూడగానే తెలుస్తుంది.

నల్లపెనం
పెనానికి మూత ఉంటే మధ్యలో మడిచిన కాగితం పెట్టి సందు ఉంచండి. గిన్నెలో గిన్నె పేర్చేవాళ్లు మధ్యలో గుడ్డముక్క వెయ్యండి. నూనె రాసి నెలల తరబడి దాస్తే ముక్కవాసన వస్తుంది, బయటికి తీసినప్పుడు ఒకసారి కడిగి వేడి చేసుకుంటే సరి.

తడిబూట్లు
వారం తర్వాత రిపోర్టు. మేకులు 20 బాగున్నాయి, పూత పోయిన 10 నల్లగా అసహ్యంగా ఉన్నాయి గానీ గట్టిగా ఉన్నాయి. పెనం రెండు పొరలకే నల్లబడింది, మూడోది రేపు. ఇంట్లో పొగకి అలారం మోగి ఇరుగుపొరుగు వాళ్లు వచ్చారు, కిటికీలు తెరవమన్న మాట చదివీ తెరవలేదు. గొడ్డలి అంచు దగ్గర రెండు గుంటలు, సానరాయితో గంటన్నర పట్టింది. గిన్నెల చుక్కలు వంటసోడాకే పోయాయి. కుర్చీ ఒకటి తెరుచుకుంది. రెండోదానికి స్క్రూడ్రైవరు పెట్టి పొడిస్తే కాగితంలో దిగినట్టు దిగింది, తొడుగు పీకితే అరగ్లాసు ఎర్ర నీళ్లు. రెంచి13 గారు పందెం గెలిచారు.

జాలీ మెరుపు పూత రకమే. పారేశా.

రెంచి13
రుద్దడం బాగా చేశారు. ఇప్పుడు అసలు పరీక్ష వానలో.

తడిబూట్లు
రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చా. వాన పడింది, రెండు రాత్రులూ. ఈసారి మేకులకి వేరే సంచి, పీకిన ప్రతిదాన్నీ పాత తువ్వాలుతో తుడిచా, అందరూ కారులో కూర్చుని హారన్ కొడుతున్నా సరే. ఇంటికి రాగానే బట్టలు మార్చుకోకముందే సామాను మొత్తం నేల మీద పరిచి ఫ్యాన్ పెట్టా. మర్నాడు సాయంత్రం నూనె గుడ్డతో తుడిచి గుడ్డ సంచుల్లో పెట్టా. ఇవాళ తీసి చూస్తే ఒక్క మేకుకి కూడా ఎర్ర మచ్చ లేదు. పెనం నల్లగా ఉంది, గొడ్డలి బాగుంది.

బ్యాగు పక్కజేబు తెరిస్తే డబ్బా ఓపెనరు బయటపడింది. దాన్ని మరిచిపోయా. నారింజ రంగు.

మబ్బుపట్టిన_కొండ
వినిగర్‌లో వేశారా?

తడిబూట్లు
లేదు. చేతిలో పట్టుకుని కూర్చున్నా. దీనికి పూత ఏదైనా ఉందా లేదా ఎలా తెలుస్తుంది?